డోర్కాసు చేతి తెలుపు

మార్చి మొదటి ఆదివారం. రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. కలకత్తా పక్క టికియాపారా తెలుగు సంఘం స్త్రీల సమాజానికి సెక్రటరీ అయిన రమాకుమారి ప్రభువు బల్ల మీది గుడ్డని ఎత్తి పట్టుకుంది. రెండు వేళ్లతో పట్టుకుంది, చచ్చిన ఎలుకని తోక పట్టి ఎత్తినట్టు.

"ఇదేటన్నయ్యా? దీని మీద పులుసన్నం గాని తిన్నావేటి?"

జ్ఞానానందం గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు. తెల్ల నూలు గుడ్డ. చుట్టూ క్రోషా అల్లిక. మధ్యలోనూ అంచుల్లోనూ పసుపు మచ్చలు. కొన్ని గోధుమరంగుకి తిరిగాయి.

"ఉతికే తెచ్చేను," అన్నాడు. "బ్లీచింగేసి ఉతికేను."

"ఉతికితే ఇలగుంతాదేటి? మగోడి సేతికి పనిస్తే ఇంతే."

ఆడవాళ్లు నవ్వారు. మగవాళ్లు నవ్వలేదు గానీ నవ్వు ఆపుకుంటున్న సంగతి అతనికి కనపడేలాగే ఆపుకున్నారు. జ్ఞానానందం ఆ మాట మింగాడు. రైల్వే షెడ్డులో బోగీల బ్రేకులు బాగుచేస్తూ బతుకంతా గడిపిన ఫిట్టరు. తిట్లు కొత్త కాదు.

కానీ రమాకుమారి అక్కడితో ఆగే మనిషి కాదు.

"నీ ఒక్కడి తప్పూ కాదులే. డోర్కాసొదిన ఉండగానే మొదలయ్యింది ఇది. ఆఖర్న వొదిన సేతిలో శుభ్రం పోయింది. పోనీలే ముసిల్ది అని మేం సూసీ సూడనట్టు ఊరుకున్నాం."

ఈ మాట మింగుడు పడలేదు. 

డోర్కాసు అతని భార్య. క్రిస్మసు వెళ్లి కొత్త సంవత్సరం రాకముందే పోయింది. ఆ గుడ్డ చుట్టూ అల్లిక ఆమెదే, పెళ్లయి ఈ ఊరు వచ్చిన ఏడు అల్లింది. అప్పటినుంచి నెలనెలా దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచే పని వాళ్ల ఇంటిదే. జీతం లేదు. పేరూ లేదు. కానీ ఆ పని ఇంకొకరికి ఇస్తారంటే ఆమె అన్నం మానేసేది.

ఆ ఉతుక్కి ఒక పద్ధతి ఉంది. బల్ల గుడ్డకి తొలి బిందె. తెల్లవారి కుళాయి తిప్పగానే వచ్చిన మొదటి నీళ్లు, ఇంకెవరి చెయ్యీ ముంచనివి, ఆ గుడ్డకే వాడాలి. నిలవ నీళ్లు అపవిత్రం. ద్రాక్షారసం మరక పోవడానికి చెంచాడు బ్లీచింగు. ఎండ. తరవాత గంజి. సంఘం పెద్దవాళ్లు శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చిన రోజుల్లో మొదలైన పద్ధతి. డోర్కాసు అత్తగారు డోర్కాసుకి నేర్పింది. డోర్కాసు మంచంలో పడ్డాక మొగుడికి నేర్పింది. అతను జనవరిలో అలాగే ఉతికాడు, ఫిబ్రవరిలో అలాగే ఉతికాడు. గుడ్డ ఇంకా పాడైంది. మార్చికి బ్లీచింగు రెండింతలు చేశాడు. ఇదిగో, ఇలా తగలడింది.

సంఘ కాపరి ఆండ్రూ అయ్యగారు మెత్తని మనిషి. ఎవర్నీ నొప్పించకూడదని అందర్నీ కొంచెం కొంచెం నొప్పిస్తాడు.

"జ్ఞానానందం గారూ, మీకు ఒంటిచేత్తో కష్టం. ఈ పని రమాకుమారమ్మగారు చూసుకుంటానంటున్నారు. కొత్త గుడ్డ కూడా కొంటారట."

"ఈస్టరుకి నేనే తెస్తాను అయ్యగారూ. తెల్లగా తెస్తాను. తేలేకపోతే అప్పుడు తీసుకోండి."

ఈస్టరు ఆ ఏడు ఏప్రిల్ మొదటి ఆదివారమే పడింది. అయ్యగారు క్యాలెండరు వంక చూశాడు, రమాకుమారి వంక చూశాడు.

"సరే. ఈస్టరు ముందు శనివారం సాయంత్రం తెచ్చి చూపించండి."

"నానూ కొత్తది కొని ఉంచుతానయ్యగారూ," అంది రమాకుమారి. "బల్ల బోసిగా ఉండకూడదు కదేటి."

జ్ఞానానందం గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని రైలుకట్ట పక్కగా ఇంటికి నడిచాడు. దారిపొడుగునా ఒకటే గుర్తుకొచ్చింది. నవంబరులో డోర్కాసు గుడ్డ ఒళ్లో వేసుకుని వసారాలో కూర్చుంది. మచ్చ మీద గోరుతో గీకింది. మళ్లీ ఉతికింది. మళ్లీ మచ్చ. "నా సెయ్యి సచ్చిపోయినాది," అంది. క్రిస్మసు ఆరాధనలో ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలేసి, ఆఖరి వరసలో గోడకి ఆనుకుని కూర్చుంది. జబ్బు వల్ల అని అందరూ అనుకున్నారు. సిగ్గుతో అని అతనికి తెలుసు.

ఆ సిగ్గుతోనే పోయింది.

*

కూతురు షెకైనా సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తుంది. పుట్టింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే తడుముకుంటుంది. మర్నాడు ఆఫీసు బస్సుకి టైమవుతుంటే టీ గ్లాసు పట్టుకుని మొహం చిట్లించింది.

"నాన్నా, టీలో సిరా కలిపావా?"

"నీ మొగం. పాలు తక్కువయ్యాయి."

"ధుర్! పాలు తక్కువైతే ఎర్రగా ఉంటుంది. ఇది నల్లగా ఉంది. కొన్నాళ్లనుంచి ఇలాగే ఏడుస్తోంది."

జ్ఞానానందం పెరటి వైపు తిరిగాడు. అతని చూపు దండెం మీద ఉంది. దండెం మీద అతని బనీను ఆరుతోంది. పక్కన, విడిగా కట్టిన తాడు మీద బల్ల గుడ్డ. నిన్న కోపంకొద్దీ మళ్లీ ఉతికాడు.

బనీను తెల్లగా ఉంది. ప్రభువు గుడ్డ మచ్చలతో ఉంది.

లేచి దగ్గరికి వెళ్లాడు. బనీను పట్టుకుని ఎండకి ఎత్తి చూశాడు. ఎప్పుడు కొన్నదో గుర్తులేని బనీను. దానికి తొలి బిందె లేదు, పద్ధతి లేదు. స్నానాలగదిలో డ్రమ్ములో నిన్నటివో మొన్నటివో నీళ్లుంటే ముంచి, సబ్బు రుద్ది పడేశాడు.

"గుంటా, ఇలగ రా."

"నా బస్సు!"

"బస్సు సస్తాదేటి? రా."

షెకైనా వచ్చి బనీను చూసింది, గుడ్డ చూసింది.

"ఇది ఏ నీళ్లతో ఉతికావు?"

"డ్రమ్ములోవి. నిలవ నీళ్లు."

"అది?"

"అప్పుడే పట్టిన బిందెడు. రెండూ బోరు నీళ్లే."

ఆమె వెళ్లి డ్రమ్ములోకి తొంగిచూసింది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఎర్రటి మడ్డి వేలెడు మందాన పేరుకుని ఉంది. చెయ్యి పెడితే పొగలా లేచింది.

"నాన్నా, మా ఆఫీసులో బరాసాత్ నుంచి వచ్చే దీదీ ఉంది. వాళ్లింట్లో ఇదే గొడవ. టీ నల్లగా అవుతుందని, గిన్నెలు ఎర్రబడతాయని రోజూ ఏడుస్తుంది. లోహా, నాన్నా. నీళ్లలో ఇనుము."

"ఇనుమైతే కనపడదేటి?"

"కరిగి ఉంటుంది. భూమి లోపల దానికి గాలి తగలదు. పైకొచ్చి గాలి తగిలితే తుప్పు అవుతుంది. బ్లీచింగు తగిలితే వెంటనే అవుతుంది అంది దీదీ. చూద్దాం ఉండు."

గాజు గ్లాసుతో అప్పుడే బోరు కుళాయి నీళ్లు పట్టింది. తేట నీళ్లు. గ్లాసులోంచి అవతల గోడమీద క్యాలెండరు అంకెలు కనపడుతున్నాయి. బ్లీచింగు చిటికెడు వేసి చెంచాతో తిప్పింది.

నీళ్లు పసుపెక్కాయి. ఇద్దరూ చూస్తుండగానే పల్చటి టీ రంగుకి తిరిగాయి.

జ్ఞానానందం ఆ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఒక్కొక్కటే జోడించుకున్నాడు. ఇదివరకు వీధికి పెద్ద ట్యాంకునుంచి గంగ నీళ్లు వచ్చేవి, శుద్ధి చేసినవి. తొలి బిందె అంటే ఆ నీళ్లే. వాటిలో చెంచాడు బ్లీచింగు వేస్తే ద్రాక్షారసం మరక పోయేది. నిరుడు వానల్లో పాత పైపు పనికిరాకుండా పోయింది. తాగడానికి వీధి మొదట్లో ఒక్క కుళాయి మిగిలింది. మిగతా వాడకానికి, వంటకీ టీకీ కూడా, వీధివాళ్లంతా కలిసి బోరు దింపించారు. ఆ దసరాలకి డోర్కాసు ఉతికిన గుడ్డకి మొదటి మచ్చ పడింది.

తప్పు చేసింది డోర్కాసు కాదు. అత్తగారు నేర్పినది నేర్పినట్టు చేసింది. కింద నీళ్లు మారిపోయాయి, అంతే. మచ్చ పోవాలని ఎంత బ్లీచింగు వేస్తే అంత తుప్పు నూలుకి పట్టింది. శుభ్రం కోసం తొలి బిందె పట్టిన ప్రతిసారీ ఇనుము నిండా ఉన్న నీళ్లే పట్టింది. ఆ గుడ్డకి పనికిరావనుకున్న నిలవ నీళ్లే కాస్త నయం, వాటిలో తుప్పు అప్పటికే అడుక్కి దిగింది.

షెడ్డులో రోజూ తుప్పు గీకినవాడు. తుప్పు వాసన నిద్రలో కూడా తెలిసినవాడు. సొంత పెరట్లో తుప్పుని గుర్తుపట్టలేదు. బ్రేకుకి పట్టిన తుప్పు తెలుసుగానీ, బట్టకి పట్టిన తుప్పు ఆడవాళ్ల సంగతి అనుకున్నాడు.

"గుంటా, నీ దీదీ ఏం సేస్తాదంట?"

"గాలి తగిలేలా పోసి, నిలవబెట్టి, ఇసకలో వడగడతారట." షెకైనా బ్యాగు భుజాన వేసుకుంది. "బస్సు చచ్చింది నాన్నా. ఆటోలో పోవాలి నేను."

*

పెరట్లో రెండు నీలం డ్రమ్ములు లేచాయి.

పాత నూనె డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, బోరు గొట్టం కింద ఎత్తున వేలాడదీశాడు. నీళ్లు వానలా చిన్న చినుకులై మొదటి డ్రమ్ములో పడాలి. ఎంత ఎత్తునుంచి పడితే అంత గాలి. రెండో డ్రమ్ములో అడుగున ఇటుక కంకర, ఇక్కడ ఖోయా అంటారు దాన్ని. దాని మీద సన్న గులకరాళ్లు. పైన మూరెడు మందాన మొరటు ఇసక. అడుగున చిన్న కుళాయి.

మొదటిసారి బురద వచ్చింది. ఇసక కడగలేదు. ఇటుక కంకరా కడగలేదు. తిట్టుకుంటూ మొత్తం తవ్వి, కడిగి, మళ్లీ నింపాడు.

రెండోసారి తేట నీళ్లు వచ్చాయి. గ్లాసులో పట్టి బ్లీచింగు వేశాడు. పసుపెక్కింది. తొందరపడి, నీళ్లు నిలవబెట్టకుండా పడ్డవి పడ్డట్టే ఇసక మీద పోశాడు. ఇనుము తుప్పయ్యేదాకా ఆగాలి, తుప్పైతేనే ఇసక పట్టుకుంటుంది. కరిగి ఉన్నదాన్ని ఇసక ఏం పట్టుకుంటుంది?

మూడోసారి ఆగాడు. సాయంత్రం వాన కురిపించి, రాత్రంతా వదిలేశాడు. పొద్దున పైనీళ్లు మాత్రం మెల్లగా ముంచి ఇసక మీద పోశాడు. కుళాయి కింద గ్లాసు పెట్టాడు. చిటికెడు బ్లీచింగు వేసి తిప్పాడు.

నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

గ్లాసు అరుగు మీద పెట్టి చాలాసేపు చూశాడు. మారలేదు. స్నానం చేసి వచ్చి చూశాడు. మారలేదు. ఆ నీళ్లతో టీ పెట్టాడు. ఎర్రగా, చక్కగా, టీలా వచ్చింది.

"ఏకదమ్ ఫస్ట్ క్లాస్," అంది షెకైనా. "నాన్నా, టీ అయితే అయ్యింది, ఇంక తాగకు. దీదీ చెప్పింది, బోరు నీళ్లలో ఇనుము కాకుండా విషం కూడా ఉండొచ్చట, రంగూ రుచీ ఉండదట. సీసాలో పట్టి పరీక్షకి ఇచ్చాను. కాయితం వచ్చేదాకా తాగడానికి వీధి కుళాయే."

"అలాగేనమ్మా," అన్నాడు జ్ఞానానందం. ఆ ఇంట్లో అతను అలా అన్నది అరుదు.

పాత మచ్చలు మిగిలాయి. బ్లీచింగు జోలికి పోలేదు. నిమ్మకాయలు పిండి, ఉప్పు కలిపి, ఒక్కొక్క మచ్చ మీదా వేలితో రాసి ఎండలో పరిచాడు. కలకత్తా ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. మచ్చలు గోధుమనుంచి పసుపుకి దిగాయి. కొత్త నీళ్లతో జాడించి మళ్లీ రాశాడు. అల్లికలో ప్రతి ముడీ డోర్కాసు వేలు తిరిగినది. గట్టిగా రుద్దితే తెగుతుంది. రుద్దలేదు. పసుపు లేతబడింది. ఒక రోజు వెతికితే కనపడలేదు.

ఈలోగా సంగతి వీధిలో పాకింది. రమాకుమారి అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెకి ఇది రెండు విధాల గుచ్చుకుంది. గుడ్డ పని చేజారేలా ఉంది. పైగా బోరు వేయించిన కమిటీకి ఆమె కొడుకు ప్రేమ్‌సాగరే పెద్ద. వీధికి నీళ్లు తెచ్చిన తల్లిగా ఆమె అప్పటినుంచీ మెడ నిక్కించి తిరుగుతోంది.

"బోరు నీళ్లు పాడంతన్నావంట! మా ఇంట్లో ఆ నీళ్లే వాడతన్నాం. నా సీరలు సూడు, మల్లెపువ్వులు!"

"నీ సీరలు లాండ్రీకెల్తన్నాయి. నాను రోజూ సూస్తన్నాను."

"మా నీళ్లు వడగట్టే మిషను..."

"మిషనుకి నెలకోసారి ఎర్రగా ఐన గొట్టం మారస్తన్నావు. మెకానిక్కు దొంగంటన్నావు. వాడు దొంగ కాడు."

రమాకుమారి అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, సూడండి. ప్రభువు గుడ్డని నిలవ నీళ్లతో ఉతుకుతున్నాడు. డ్రమ్ములో ఇసకేసిన నీళ్లతో! తొలి బిందె ఏటయ్యింది? పెద్దలు పెట్టింది ఏటయ్యింది?"

జ్ఞానానందం వాదించలేదు. రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకదాంట్లో బోరు గొట్టంనుంచి అప్పుడే పట్టిన నీళ్లు. రెండోదాంట్లో ఇసక డ్రమ్ము నీళ్లు. రెంటిలోనూ చిటికెడు బ్లీచింగు వేసి, తిప్పి, అయ్యగారి చేతికిచ్చాడు.

"ఏది పరిశుభ్రమో మీరే సెప్పండయ్యగారూ."

అయ్యగారు కుడిచేతి గ్లాసు చూశాడు, ఎడమచేతి గ్లాసు చూశాడు. కుడిచేతిది ఎర్రబడుతోంది. ఆ మెత్తని మనిషి జీవితంలో మొదటిసారి ఒక పక్కకి ఒరిగాడు.

"ప్రభువు ద్రాక్షారసంగా మార్చిన కానా పెళ్లి బానల నీళ్లు తొలి బిందె అని ఎక్కడా చెప్పలేదమ్మా. అవీ నిలవ నీళ్లే."

రమాకుమారి విసవిసా వెళ్లిపోయింది.

*

ఈస్టరు ముందు శనివారం సాయంత్రం. గుడి తుడుస్తున్నారు, పూలు కడుతున్నారు. సంఘంలో సగం మంది అక్కడే ఉన్నారు. మిగతా సగం ఈ తమాషా చూడ్డానికే వచ్చారు.

రమాకుమారి కొత్త గుడ్డ తెచ్చింది. ఖరీదైనది, మెరుపు అంచు. కొత్త బట్టని ఉతకకుండా బల్ల మీద పరచరు, అది కూడా పద్ధతే. లాండ్రీకి ఇస్తే పరాయి చెయ్యి తగులుతుంది. అందుకని ఈసారి తనే ఉతికింది. గ్లాసుల సంగతి పట్టించుకోకుండా, పద్ధతి తప్పకుండా, తొలి బిందెతో, దండిగా బ్లీచింగు వేసి ఉతికింది. మడత విప్పకుండా తెచ్చింది.

"విప్పమ్మా," అన్నాడు అయ్యగారు.

"రేపు పొద్దున్న పరుస్తాను లెండి, మడత నలుగుతాది."

"విప్పొదినా, సూద్దాం," అంది వెనకనుంచి అప్పమ్మ. మార్చిలో అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

విప్పక తప్పలేదు. మెరుపు అంచు మెరిసింది. మధ్యలో పసుపు మచ్చలు. ఒకటి గోధుమరంగు. గంగ మ్యాపులా పెద్దది.

 బయట ఏదో లోకల్ రైలు వెళ్లింది, అది పోయేదాకా ఎవరూ కదల్లేదు.

జ్ఞానానందం చంకలోంచి తన గుడ్డ తీశాడు. బల్ల దగ్గరికి నడిచి, ఒక్క దులుపు దులిపి పరిచాడు. గంజి గుడ్డ నాలుగు వైపులా నిటారుగా దిగింది. తెల్లగా ఉంది. అల్లిక ప్రతి పువ్వూ విడివిడిగా లెక్కపెట్టేలా ఉంది. గుడిలో లైట్లు ఇంకా వెయ్యలేదు, అయినా బల్ల ఉన్న చోట వెలుగు ఉంది.

అప్పమ్మ ముందుకొచ్చి, చెయ్యి చీరకి తుడుచుకుని, అంచు ముట్టుకుంది.

"డోర్కాసొదిన పెళ్లయిన కొత్తల్లో ఇలగుండేది ఇది," అంది. "అచ్చం ఇలగే."

"రేపటికి ఇదే," అన్నాడు అయ్యగారు. "ఎప్పటికీ ఇదే. పని మీ ఇంటిదే జ్ఞానానందం గారూ."

జ్ఞానానందం తల ఊపాడు. కానీ కదల్లేదు.

"ఇంకో మాటుందయ్యగారూ. మార్చిలో ఇక్కడే నిలబడి ఓ మాటన్నారు. డోర్కాసు సేతిలో శుభ్రం పోయిందన్నారు. అందరూ విన్నారు. అందరి ముందర అన్నది అందరి ముందరే తియ్యాల."

రమాకుమారి మొహం తన గుడ్డలాగే మచ్చలు పడింది. "అన్నయ్యా, మనసులో ఏటీ ఎట్టుకోకు, నాను ఏదో..."

"నాకు కాదు. సంఘానికి సెప్పు. రేపు సాక్ష్యాల టైములో సెప్పు."

"ఇంత పంతమేటన్నయ్యా, ఈస్టరు పూట?"

"డోర్కాసు క్రిస్మసు పూట ఆఖరి వరసలో కూసుంది," అన్నాడు జ్ఞానానందం. 

*

ఈస్టరు పొద్దున గుడి కిటకిటలాడింది. పాటలయ్యాయి. సాక్ష్యాల వేళ అయ్యగారు ఆడవాళ్ల వైపు చూశాడు.  రమాకుమారి లేచింది. లాండ్రీలో ఉతికిన తెల్లచీర. గొంతు మాత్రం ఆమెది కానట్టుంది.

"డోర్కాసొదిన మీద నానో మాటన్నాను. ఆ మాట తప్పు. వొదిన సేతిలో లోపం లేదు. లోపం బోరు నీళ్లది. మా ఇంట్లో ఉతికినా అలాగే అయ్యింది." కొంచెం ఆగింది. "వొదిన సెయ్యి ఆఖరిదాకా శుభ్రమే."

ఆమెన్ అన్నారు జనం. గట్టిగా అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది అప్పమ్మ.

జ్ఞానానందం ఆడవాళ్ల ముందు వరస వైపు చూశాడు. డోర్కాసు కూర్చునే చోట షెకైనా కూర్చుని ఉంది. తండ్రివైపు తిరిగి కళ్లు తుడుచుకుని నవ్వింది. రొట్టె విరిచారు. గిన్నెలు తిరిగాయి. ఎవరి చేతిలోనో గిన్నె ఒరిగి తెల్లగుడ్డ మీద ద్రాక్షారసం చుక్క పడింది.

పడనీ. అతనికి ఉతకడం వచ్చు.

మర్నాడు పొద్దున పెరటి గుమ్మం ముందు బిందెలు వరస కట్టాయి. అన్నీ బట్టలకీ గిన్నెలకీ. పరీక్ష కాయితం ఇంకా రాలేదు, తాగడానికి వద్దని తలుపు మీద బొగ్గుతో రాసి పెట్టాడు. చదవడం రానివాళ్లకి నోటితో చెప్పాడు. డ్రమ్ము ఎలా కట్టాలో అడిగినవాళ్లకీ చెప్పాడు: ఇసక కడగండి, ఎత్తునుంచి పొయ్యండి, తొందరపడకండి. ఎర్రబడ్డ పైఇసక తీసి కడుగుతూ ఉండండి. వారం తిరక్కుండా వీధిలో నాలుగైదు ఇళ్ల పెరళ్లలో నీలం డ్రమ్ములు లేచాయి.

ఆ మొదటిరోజు వరస ఆఖర్న రమాకుమారి నిలబడింది. చంకలో స్టీలు బిందె. ముందున్నవాళ్లు దారిచ్చారు.

"నీ వంతు రానీ," అన్నాడు జ్ఞానానందం, తలెత్తకుండా.

వంతు వచ్చింది. ఇసక డ్రమ్ము కుళాయి కింద బిందె పెట్టాడు. అంచుదాకా నింపాడు. ఒక్క చుక్క తక్కువ చెయ్యలేదు. బిందె ఎత్తి ఆమె చంకలో పెట్టాడు.

మాట మాత్రం ఆడలేదు.